శిక్ష పడ్డాక ముందు ఏ కాగితం తీయాలి?

క్రిమినల్ లాయరు దగ్గర ఇరవై ఆరేళ్లుగా గుమాస్తా పని చేస్తున్నాను. శిక్ష పడిన మర్నాడు ఇంటివాళ్లు వచ్చి "మావాడు ఏ పాపం ఎరగడండీ" అంటారు. నిజమే కావచ్చు, కానీ ఆ మాట అప్పీల్లో పనికిరాదు. రికార్డులో తప్పు ఎక్కడుందో చూపించాలి.

ముందు తేదీ రాసుకోండి. సెషన్స్ కోర్టు జైలు శిక్ష వేస్తే హైకోర్టుకు వెళ్లడానికి 60 రోజులు, మేజిస్ట్రేట్ వేస్తే సెషన్స్ కోర్టుకు 30 రోజులు. గడువు దాటితే ఆలస్యానికి కారణం చెప్పుకుంటూ పిటిషన్ వేయొచ్చు. జైలు శిక్ష పడితే జడ్జిమెంట్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, కొనమంటే కొనకండి. వకీలును పెట్టుకునే స్తోమత లేదా? జైలు సూపరింటెండెంట్ ద్వారా అప్పీలు పంపొచ్చు. జైల్లో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ వకీలును ఇస్తుంది. ఫోన్ 15100.

ఇక కాగితాలు. నేను ముందు తీసేది మధ్యవర్తుల రిపోర్టు, అంటే ముద్దాయి చెప్పింది, వస్తువు దొరికింది తమ ఎదుటేనని ఊళ్లో పెద్దమనుషులు సంతకం పెట్టే కాగితం. పోలీసుల దగ్గర నేరం ఒప్పుకున్నాడన్నది సాక్ష్యం కాదు. కానీ అతను చెప్పిన చోట వస్తువు దొరికిందంటే ఆ ముక్క చెల్లుతుంది. కట్టుకథ ఉంటే ఎక్కువగా అక్కడే దూరుతుంది. ఒక ఫైల్లో అరెస్టు నాలుగింటికి బస్టాండులో, కత్తి దొరికింది నాలుగుంపావుకి చెరువుగట్టున. మధ్యలో ఇరవై కిలోమీటర్లు! మధ్యవర్తుల్లో ఒకాయన కోర్టులో మా సారు ఎదురుప్రశ్నలు వేస్తే "స్టేషన్లోనే సంతకం పెట్టానండి" అనేశాడు. కింది కోర్టు తీర్పులో ఆ ముక్కే లేదు. మా సారు అప్పీలు మొత్తం దాని మీదే నడిపారు.

తర్వాత గుర్తింపు. ముద్దాయిని స్టేషన్లో ముందే చూపించి, ఫొటో పేపర్లో వేయించి, ఆనక జైల్లో పెరేడ్ పెడితే (పదిమందిలో నిలబెట్టి సాక్షిని గుర్తుపట్టమంటే) సాక్షి గుర్తుపట్టక ఏం చేస్తాడు?

అప్పీలుతోపాటే శిక్ష అమలు ఆపి బెయిల్ ఇమ్మని పిటిషన్ వేయించండి. అప్పీలు విచారణకు ఏళ్లు పట్టొచ్చు. ఉదాహరణకు, విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో 2007 డిసెంబరులో విద్యార్థిని హత్య జరిగింది. 2008లో పట్టుకున్న యువకుడికి 2010లో విజయవాడ మహిళా కోర్టు జైలు శిక్ష వేసింది. హైకోర్టు నిర్దోషి అన్నది 2017 మార్చి 31న. పరిహారం లక్ష రూపాయలు. ఎనిమిదేళ్ల పైచిలుకు జైలుకు లక్ష!

హైకోర్టులోనూ ఓడితే సుప్రీంకోర్టు, అక్కడ రివ్యూ (తీర్పు మళ్లీ చూడమనడం), అదీ పోతే చివరి అవకాశంగా క్యూరేటివ్ పిటిషన్. దారి ఇరుకవుతూ పోతుంది.

మా దగ్గరికి వచ్చేటప్పుడు చార్జిషీటు కాపీ, సాక్షుల వాంగ్మూలాలు తెండి. వకాల్తా (వకీలుకు కేసు అప్పగించే కాగితం) మీద మీవాడి సంతకానికి జైలు అధికారి అటెస్టేషన్ కావాలి. ఆ ఫారం నేనిస్తాను.