బోటెక్కే ముందు ఒకసారి నోరు తెరిచి చూపించండి

సముద్రంలో చేపల వేట నిషేధం ఇంకొన్ని రోజుల్లో అయిపోతుంది. ఏప్రిల్ 15న ఒడ్డుకి లాగిన బోట్లు జూన్ 14 దాటగానే నీళ్ళలోకి దిగుతాయి, వేటకని గుజరాత్‌లోని వెరావల్ వెళ్ళేవాళ్ళు ఆగస్టులో రైలెక్కుతారు, ఇక ఏడెనిమిది నెలలు ఇంటి మొహం చూడరు. ఊళ్ళో ఇప్పుడు ఎక్కడ చూసినా వలలు అల్లుతున్నారు, ఇంజన్లు విప్పుతున్నారు, చెక్కల సందుల్లో నీరు దిగుతోందేమోనని వేలు పెట్టి మరీ చూస్తున్నారు. బోటుకి ఇంత చూసుకునేవాళ్ళం కదా, మన నోట్లో క్యాన్సర్‌కి దారితీసే మచ్చో పుండో ఉందేమోనని ఈ 61 రోజుల్లో ఒక్కసారైనా చూసుకున్నామా?

నేను డాక్టర్ని కాదు. కళింగపట్నం దగ్గర సముద్రం ఒడ్డు ఊరు మాది, అడ్డపొగ తాగే మామ్మ చేతిలో పెరిగాను, అంతే. అడ్డపొగ అంటే తెలియనివాళ్ళకి చెప్తున్నాను, చుట్ట వెలిగించి నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీల్చడం. సాయంత్రం పూట మామ్మ గుమ్మంలో కూర్చుని చుట్ట వెలిగించి, రెండు దమ్ములు మామూలుగానే లాగి, చటుక్కున తిప్పి నిప్పుని లోపలికి పెట్టేసుకునేది. పెదాలు బిగించి మూసేది, చుట్ట మొదలు మాత్రం బయటికి కనిపించేది. చేతులు ఖాళీ కాబట్టి చేపలు తోముతూనో, మనవల తల దువ్వుతూనో కాల్చేది. మాట్లాడటానికి పెదాలు కొంచెం తెరిస్తే లోపల ఎర్రగా మెరిసేది, చిన్నప్పుడు మాకది పెద్ద మ్యాజిక్కు. ఎందుకలా అంటే ఒక్కొక్కరు ఒక్కో కారణం చెప్తారు. ఒడ్డున గాలికి చుట్ట ఆరిపోతుందని, పిల్లల మీద నిప్పురవ్వ పడకుండా అని, మగవాళ్ళ కంట పడకుండా అని. మామ్మని అడిగితే "మా అమ్మ అలాగే కాల్చీది" అంది, అంతకు మించి కారణం లేదు.

ఆ నిప్పు సెగ నేరుగా తగిలేది అంగుడికి, అంటే నోట్లో పైకప్పుకి. అంగుడి ముందు వైపు గట్టిగా ఉండే భాగానికి క్యాన్సర్ రావడం వేరే ప్రాంతాల్లో అరుదు, మన ఉత్తరాంధ్ర తీరంలో మాత్రం డాక్టర్లకి ఎప్పటినుంచో తెలిసిన జబ్బే. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్ళు 1960లలో దేశంలో ఐదు జిల్లాలు ఎంచుకుని 50,915 మంది పల్లెవాసుల నోళ్ళు పరీక్షించి 1969లో ఆ వివరాలు అచ్చువేశారు, ఆ ఐదింటిలో శ్రీకాకుళం ఒకటి. (అప్పటికి విజయనగరం జిల్లా పుట్టనే లేదు, 1979లో ఏర్పడింది, పార్వతీపురం, బొబ్బిలి అన్నీ శ్రీకాకుళంలోనే.) మన పేరు అలా ప్రపంచం పుస్తకాల్లోకి ఎక్కింది, ఎక్కిన కారణమే బాగోలేదు.

మామ్మ అంగుడి మీద ముందు తెల్లగా, మందంగా, ఎండిన మడి బీటలు వారినట్టు గీతలొచ్చాయి. మధ్యమధ్యలో ఎర్ర చుక్కలు. అది చాలా ఏళ్ళు ఉంది, అడ్డపొగ తాగే ఆడవాళ్ళందరికీ అలాగే ఉంటుందిలే అనుకున్నాం. ఒక ఏడాది పెసరగింజంత పుండు పడింది. "నొప్పెట్టడం లేదు కదేట్రా, దానికి ఆస్పత్రెందుకు?" అంది. మేమూ సరేనన్నాం. ఊళ్ళో మందులిచ్చే ఆయన వేడి చేసిందని చెప్పి బి కాంప్లెక్స్ బిళ్ళలు, రాసుకునే జెల్ ఇచ్చాడు, మూడు నెలలు అవే వాడాం. నొప్పి మొదలై విశాఖ తీసుకెళ్ళేసరికి మెడలో గడ్డలా బిళ్ళ కట్టేసింది. ఆయన్ని తిట్టి లాభం లేదు, నోరు తెరిపించి చూడాలన్న జ్ఞానం ఇంట్లో చదువుకున్న నాకే లేకపోయింది.

అందుకే ముందుగా చెప్పేది ఇది. నొప్పి కోసం ఆగకండి. మామూలు నోటిపూత మంటెత్తించి, అన్నం తిననివ్వక, వారం పది రోజుల్లో దానంతటదే పోతుంది. నొప్పీ మంటా లేకుండా ఊరికే కూర్చున్న పుండునే అనుమానించాలి. రెండు వారాలు దాటినా మానని పుండు ఏదైనా సరే, తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, గట్టిగా తగిలే గడ్డ ఏదైనా సరే, డాక్టరు చూడాల్సిందే. తెల్లమచ్చ కంటే ఎర్రమచ్చ ఎక్కువ ప్రమాదం, మఖమలు గుడ్డలా మెత్తగా ఎర్రగా ఉంటుంది, మనవాళ్ళు వేడన్నం తగిలి కాలిందేమో అనుకుని వదిలేస్తారు. కారణం లేకుండా పన్ను కదలడం, కింది పెదవో నాలుకో మొద్దుబారడం, మింగుతుంటే ముల్లు గుచ్చుకున్నట్టుండటం, ఒకవైపు చెవిపోటు తగ్గకపోవడం, రోజూ పెట్టుకునే కట్టుడు పళ్ళు ఉన్నట్టుండి సరిపోకపోవడం, ఇవీ లెక్కలోకి వస్తాయి. ఇలా ఉన్నవాళ్ళందరికీ క్యాన్సరే అని కాదు, చాలామందికి వేరేదే తేలుతుంది, కానీ ఆ మాట చెప్పాల్సింది చూసిన డాక్టరు, మనం కాదు.

చూసుకోవడం పెద్ద పని కాదు. పొద్దున్న ముఖం కడిగాక, వెలుగున్న గుమ్మం దగ్గర, ఒక అద్దం, ఫోన్ టార్చి. కట్టుడు పళ్ళుంటే తీసేయండి. పెదాలు పైకీ కిందికీ మడిచి లోపలి వైపు చూడండి, ముఖ్యంగా ఖైనీ పెట్టే చోటు. మన మగవాళ్ళు చాలామంది కింది పెదవి లోపల ఒక పక్కే పెడతారు, ఏళ్ళ తరబడి అదే చోటు, అక్కడి చర్మం తెల్లబారి ముడతలు పడి ఉంటుంది, పుండు మొదలైతే ఎక్కువగా అక్కడే. బుగ్గలు వేలితో బయటికి లాగి చివరి దవడ పన్ను దాకా చూడాలి. నాలుక కొసని గుడ్డతో పట్టుకుని రెండు పక్కలకీ లాగి అంచులు చూడాలి, తర్వాత నాలుక పైకెత్తి అడుగు. చివర తల వెనక్కి వాల్చి టార్చి అంగుడి మీద వేయాలి, ఇది ఒక్కరే చూసుకోవడం కష్టం, పక్కన ఇంకొకరు ఉంటే తేలిక. కనిపించిన చోటల్లా శుభ్రమైన వేలితో ఒకసారి తడిమితే గట్టితనం తెలుస్తుంది. మెడ రెండు వైపులా, దవడ కింద బిళ్ళలున్నాయేమో నొక్కి చూడండి.

ఆఖర్న మూడు వేళ్ళు. మీ చేతి చూపుడు, మధ్య, ఉంగరం వేళ్ళు ఒకదాని మీద ఒకటిగా నిలువుగా పట్టి పై పళ్ళకీ కింది పళ్ళకీ మధ్య పెట్టండి. పట్టకపోతే, అందులోనూ వక్కపొడి, గుట్కా అలవాటుంటే, కారం తగిలితే భగ్గుమంటుంటే, బుగ్గలు లోపల తెల్లగా తాడులా బిగుసుకుని ఉంటే, అది వక్క వల్ల వచ్చే జబ్బు, నోరు మెల్లమెల్లగా మూసుకుపోతుంది. కొందరిలో అదే తర్వాత క్యాన్సర్‌గా మారుతుంది. బిగిసిన నోరు తిరిగి మునుపట్లా తెరుచుకోవడం కష్టం, కానీ ఇప్పుడు మానేస్తే ఇంకా బిగియకుండా ఆగే అవకాశం ఉంది. ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళకి రెండు వేళ్ళు కూడా పట్టకపోవడం నేను చూశాను. "నేను పొగాకు ముట్టనండి, వట్టి వక్కపొడే" అని గొప్పగా చెప్పేవాళ్ళకి ఒక మాట: పొగాకు కలపని వక్క కూడా క్యాన్సర్ తెప్పిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఇరవై ఏళ్ళ కిందటే తేల్చేసింది.

ఎర్రమచ్చయితే రోజులు లెక్కపెట్టకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మిగతా ఏ మచ్చ కనిపించినా ఫోన్లో ఫోటో తీసి పెట్టండి, తేదీ దానంతటదే ఉంటుంది. పద్నాలుగు రోజుల తర్వాత మళ్ళీ తీసి పక్కపక్కన పెట్టి చూస్తే, తగ్గిందా పెరిగిందా అన్న వాదన ఇంట్లో ఉండదు. ఈలోగా ఖైనీ, చుట్ట, తాగుడు మూడూ ఆపాలి. ఒక పన్ను మొన తేలి నాలుకకి గీసుకుంటుంటే పళ్ళ డాక్టరు దగ్గర అరగదీయించుకోవాలి. సున్నం రాయడం, పటిక పెట్టడం, పసుపు అద్దడం ఏవీ వద్దు, మచ్చ రూపు మారిపోయి డాక్టరుకే అర్థం కాకుండా పోతుంది. కదిలే పన్ను ఉంటే ఊళ్ళో ఎవరితోనైనా పీకించేయడం అసలు వద్దు, కింద గడ్డ ఉంటే ఆ గుంట మానదు.

ఇక అందరినీ ఆపేసేది ముక్క తీసే భయం. "కత్తి తగిలితే లేచిపోద్ది, పాకిపోద్ది" అని మా ఊళ్ళో పెద్దవాళ్ళు గట్టిగా నమ్ముతారు, మామ్మకి ముక్క తీశాకే పెరిగిందని ఇప్పటికీ అనే బంధువులున్నారు. నిజానికి అప్పటికే అది పెరిగి ఉంది కాబట్టే ముక్క తీశారు. మత్తు సూది వేసి గోరులో సగమంత ముక్క తీసి పరీక్షకి పంపితేనే జబ్బేంటో తెలిసేది, దానివల్ల పాకదు. చిన్నగా ఉన్నప్పుడు దొరికితే చాలాసార్లు ఆపరేషన్‌తోనే అయిపోతుంది. పెద్దదయ్యాక అయితే ఆపరేషన్ పైన కరెంటు పెట్టడం (రేడియేషన్), కొందరికి కీమో మందులు కూడా. కరెంటు పెట్టించుకునేవాళ్ళు దానికి ముందే పుచ్చిపళ్ళు చూపించుకుని తీయించుకోవాలి, తర్వాత తీస్తే దవడ ఎముక మానడం కష్టం.

ఎక్కడికెళ్ళాలి అంటే, ముందు మీ ఊరి ఏఎన్ఎం గారినో ఆశా కార్యకర్తనో అడగండి. 30 ఏళ్ళు దాటినవాళ్ళకి నోటి పరీక్ష వాళ్ళు చేసే స్క్రీనింగులో ఉన్నదే, బీపీ, షుగరు చూసి వదిలేస్తే "నోరు కూడా చూడండమ్మా" అని మనమే అడగాలి. అనుమానం ఉంటే శ్రీకాకుళంలో అందరూ రిమ్స్ అనే ప్రభుత్వ పెద్దాసుపత్రి, విజయనగరంలో ప్రభుత్వ పెద్దాసుపత్రి, అక్కడ పళ్ళ విభాగం గానీ ఈఎన్‌టీ గానీ. జబ్బని తేలితే విశాఖలో కేజీహెచ్ ఉంది, అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. ఒకప్పుడు ఆరోగ్యశ్రీ అన్నది ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ, ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులు సంచిలో పడేసుకుని వెళ్ళండి, అవి మర్చిపోయి మళ్ళీ ఊరికొచ్చి వెళ్ళడంలో మాకు రెండు రోజులు పోయాయి.

వెరావల్ వెళ్ళేవాళ్ళకి ప్రత్యేకంగా. ఇక్కడ బీడీ కూడా ముట్టని కుర్రాళ్ళు అక్కడ నిద్ర ఆపుకోవడానికి ఖైనీ మొదలుపెట్టి, తిరిగొచ్చేటప్పటికి రోజుకి ఇన్ని ప్యాకెట్లు లేకపోతే చెయ్యి వణుకుతుంది అనే స్థితికి వస్తారు. రాత్రి వల వేశాక మేలుకోవాలి, ఉప్పుగాలి, చలి, పక్కవాడు అరచేతిలో నలిపి చిటికెడు చేతికిస్తాడు, వద్దనడం నిజంగా కష్టమే, తీరిగ్గా ఇంట్లో కూర్చుని నేను చెప్తే నవ్వుతారని తెలుసు. అందుకే అక్కడికెళ్ళాక మానేస్తాననే మొక్కు పనికిరాదు, మానాలంటే ఇంటి దగ్గరున్న ఈ రోజుల్లోనే మొదలుపెట్టాలి. మొదటి మూడు నాలుగు రోజులే అసలు నరకం, చిరాకు, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, తర్వాత రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది. మందుల షాపులో నికోటిన్ గమ్ రెండు మిల్లీగ్రాములది దొరుకుతుంది, బబుల్‌గమ్‌లా గబగబా నమలకుండా నాలుగు నమిలి బుగ్గన పెట్టుకోవాలి, టీ తాగుతూ నమిలితే పనిచేయదు. నోరు సరిగా తెరుచుకోనివాళ్ళు గమ్ బదులు చర్మానికి అతికించుకునే నికోటిన్ పట్టీ గురించి డాక్టర్ని అడగండి. మానడానికి సాయం చేసే ప్రభుత్వ ఉచిత ఫోన్ నంబరు 1800-11-2356. తాగుడు, పొగాకు రెండూ ఉన్నవాళ్ళకి ప్రమాదం కలిపితే వచ్చేది కాదు, హెచ్చవేస్తే వచ్చేది.

నోట్లో మచ్చో పుండో ఉండి పరీక్ష ఫలితం రాకపోతే మాత్రం బోటు ఎక్కకండి. అడ్వాన్సు తీసుకున్నాం కదా, ఓనరు ఏమంటాడో అని వెళ్ళి, అక్కడ సముద్రంలో ఇరవై రోజులు తిరిగి, ఒడ్డుకొచ్చి, భాష రాని ఊళ్ళో ఆస్పత్రి వెతుక్కోవడం కంటే ఒక ట్రిప్పు ఆలస్యం కావడమే మేలు.

ఆడవాళ్ళ సంగతి వేరు. అడ్డపొగ తాగేవాళ్ళు ఇప్పుడు తగ్గారు, కానీ అరవై దాటిన అత్తల్లో, అమ్మమ్మల్లో ఇంకా ఉన్నారు, వాళ్ళు ఎవరి ముందూ నోరు తెరవరు. తిడితే దాక్కుని కాలుస్తారు. మానేస్తే అంగుడి మీది మచ్చలు తగ్గుముఖం పట్టడం మన జిల్లా ఊళ్ళలో ఏళ్ళ తరబడి చూసిన పరిశోధకులే రాశారు, కాబట్టి ఇంత వయసులో మానేసి ఏం లాభం అన్న మాట తప్పు. మా అప్పత్త ఒకావిడ డెబ్భైకి దగ్గర్లో ఉంది, పోయిన వారం గంటసేపు బతిమాలితే, మనవరాలి ఫోన్ టార్చి వెలుతురులో నోరు తెరిచింది. అంగుడంతా తెల్లగా ఉంది, ఎడమ పక్కన ఒక ఎర్ర మచ్చ. ఫోటో తీశాం. "నీ ఫోటోలేటోగానీ, నా చుట్టల కట్ట ఎక్కడ పెట్టినావురా?" అంది. ఎర్రమచ్చ కాబట్టి పద్నాలుగు రోజులు లెక్కపెట్టడం లేదు, సోమవారం పొద్దున్న మొదటి బస్సుకి శ్రీకాకుళం తీసుకెళ్తున్నాను.