వయ వందన కార్డుతో ఆసుపత్రికి బయలుదేరే ముందు

70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి కుటుంబానికి 5 లక్షల రూపాయల వరకు వైద్యం అందించే ఆయుష్మాన్ వయ వందన కార్డుకు వయసును ఆధార్‌ను బట్టే నిర్ధారిస్తారు కనుక, అందులో పుట్టిన వివరాలు సరిగా ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి. ఆధార్ ధ్రువీకరణ సమయంలో, వేలిముద్రలు అరిగిపోయిన పెద్దల విషయంలో యంత్రం మొరాయించడం మామూలే. ఆధార్‌కు జతచేసిన ఫోన్ కొడుకు దగ్గరో, కోడలి దగ్గరో ఉండిపోతే ఓటీపీ కూడా అందదు. కాబట్టి ఆ ఫోన్‌ను వెంట తీసుకెళ్లడం మంచిది.

సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు, పింఛనుదారుల ఆరోగ్య పథకం), ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) వంటి పథకాల్లో ఉన్నవారు ఆ పథకం, ఈ కార్డు రెండింటిలో ఒకదాన్నే ఎంచుకోవలసి ఉంటుంది, తొందరపడకూడదు.

ఆసుపత్రి పేరు పథకం జాబితాలో ఉన్నంత మాత్రాన సరిపోదు. అవసరమైన చికిత్స అక్కడ ఈ పథకం కింద చేస్తారో లేదో 14555కు ఫోన్ చేసి గానీ, ఆసుపత్రిలో ఈ పథకం రోగులకు సాయపడే ఆయుష్మాన్ మిత్రను అడిగి గానీ తెలుసుకోవాలి. పాత జబ్బులకూ మొదటి రోజు నుంచే వర్తిస్తుంది గానీ, ఓపీ ఖర్చులు మాత్రం సొంతంగానే పెట్టుకోవాలి.