గడ్డ కట్టే చలిలో పెరటి కోళ్లను, కోడిపిల్లలను కాపాడుకోవడం ఎలా?

డిసెంబరు, జనవరి నెలల్లో లంబసింగి, చింతపల్లి, అరకు వైపు, అటు ఆదిలాబాద్ పల్లెల్లో తెల్లవారుజామున చలి 5 డిగ్రీలకూ దిగుతుంది. ఈకలు నిండుగా ఉన్న పెద్దకోడి దీన్ని తట్టుకుంటుంది. తట్టుకోలేనివి నాలుగు వారాల్లోపు పిల్లలు, ఈకలు రాలుస్తున్న పెట్టలు, జబ్బుపడి లేచిన కోళ్లు. తల్లి లేకుండా కొనితెచ్చిన వనరాజా, గ్రామప్రియ వంటి మేలురకం పెరటికోళ్ల పిల్లల బాధ్యత అయితే పూర్తిగా మనదే.

1. గూడును కప్పండి, మూసేయకండి

చలిగాలి వచ్చే వైపు గోనెపట్టాలు కట్టండి. కప్పు కింద, కోళ్ల తలలకు బాగా పైన, జానెడు సందు వదలండి. చుట్టూ పాలిథిన్ బిగించడం చాలామంది చేసే పొరపాటు. రాత్రంతా కోళ్లు వదిలే ఊపిరి తేమ, రెట్ట తేమ బయటికి పోక ఈకలు చెమ్మగిల్లుతాయి. తడిసిన ఈక వేడిని నిలపదు. రెట్టనుంచి వచ్చే అమ్మోనియాకు కళ్లు మండి, గురక మొదలవుతుంది. పొద్దున్నే పట్టా లోపలి వైపు తడిమి చూడండి. నీటి బొట్లు తగిలితే సందు చాలలేదన్నమాట. ఎండ రాగానే పట్టాలు పైకి చుట్టేయండి.

2. కింద ఊక, పైన చెక్క

నేలమీద 4 అంగుళాల మందాన పొడి వరి ఊక పరిచి, రెండు మూడు రోజులకోసారి తిరగవేయండి. నీళ్ల పళ్లెం దగ్గర తడిసి గడ్డకట్టిన ఊకను ఏ రోజుకారోజు తీసేయాలి. కోళ్లు ఎక్కి పడుకునేందుకు 2-3 అంగుళాల వెడల్పు చెక్క పెట్టండి. దానిమీద వేళ్లు చాపి కూర్చుంటే పొట్ట ఈకలు పాదాలను పూర్తిగా కప్పుతాయి. ఇనుప పైపు వద్దు, పాదాల వేడిని లాగేస్తుంది.

3. పిల్లలకు బల్బు వేడి

ఇక్కడే ఎక్కువ నష్టం జరుగుతుంది. 50 పిల్లలకు 4 అడుగుల వెడల్పున, అడుగున్నర ఎత్తున అట్టతో గుండ్రంగా దడి కట్టండి. మూలలు ఉండకూడదు. చలికి పిల్లలు మూలకు చేరి ఒకదానిమీద ఒకటి ఎక్కితే అడుగునున్నవి ఊపిరాడక చస్తాయి.

పిల్లకు 2 వాట్ల లెక్కన బల్బులు పెట్టాలి. ఒకటే 100 వాట్ల బల్బుకన్నా 60 వాట్లవి రెండు మేలు, ఒకటి మాడినా రెండోది ఉంటుంది. ఫిలమెంట్ బల్బులే వాడండి, ఎల్ఈడీ వెలుగే తప్ప వేడి చాలదు. నేలకు అడుగు, అడుగున్నర ఎత్తున గట్టి తీగతో వేలాడదీయండి. ఊకలో పడితే అంటుకుంటుంది.

పిల్లల వీపు ఎత్తులో మొదటి వారం 35 డిగ్రీలు ఉండాలి. తర్వాత వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించండి. థర్మామీటర్ లేకపోతే పిల్లలే చెబుతాయి. బల్బు కింద గుంపుకట్టి కీచుమంటే వేడి చాలలేదు, దడికి అతుక్కుని నోరు తెరిస్తే ఎక్కువైంది, అంతటా పరుచుకుని పడుకుంటే సరిపోయింది.

కరెంటు పోతే వేడినీళ్ల సీసాలకు గుడ్డ చుట్టి దడి లోపల పెట్టండి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి మాత్రం పెట్టకండి. బొగ్గులనుంచి వచ్చే గ్యాస్ పిల్లలనూ మనుషులనూ చంపుతుంది.

4. మేత, నీళ్లు

పొద్దుగూకే ముందు పెద్దకోళ్లకు గుప్పెడేసి జొన్నలో, మొక్కజొన్న నూకో అదనంగా వేయండి. గింజ రాత్రంతా అరుగుతూ ఒంట్లో వేడి పుట్టిస్తుంది. పొద్దున గోరువెచ్చని నీళ్లు పెట్టండి. మంచు ఆరి ఎండ వచ్చాకే బయటికి వదలండి.

5. చలికి వాలిపోయిన కోడి దొరికితే

ముందు ఒళ్లు తుడిచి పొడి చేయండి. గుడ్డ పరిచిన అట్టపెట్టెలో, ఒకవైపు మాత్రమే వెచ్చదనం తగిలేలా ఉంచండి. ఎక్కువ అనిపిస్తే అదే పక్కకు జరుగుతుంది. ఒళ్లు వెచ్చబడి తల నిలబెట్టేదాకా మేత పెట్టొద్దు, చల్లబడిన ఒంట్లో అరగదు. ముక్కు కొనను నీళ్లకు తాకించండి చాలు. నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి.