ఏ వయసులో పిల్లలకు ఏ అలవాటు నేర్పాలి, ఎలా నేర్పాలి?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వైపు మన తెలుగు పిల్లలు చాలామంది ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడుతూ పెరుగుతారు. బడిలో ఎంత బాగా చెప్పినా అలవాటు పడేది ఇంట్లోనే, అది కూడా పెద్దవాళ్లు పక్కనుండి తామూ చేస్తేనే. "వెళ్లి చేతులు కడుక్కో" అనేకంటే "రా, ఇద్దరం కడుక్కుందాం" అనండి.

1. రెండు, మూడేళ్లు

అన్నానికి ముందు, దొడ్డికి వెళ్లొచ్చాక సబ్బుతో చేతులు కడిగించండి. ఇరవై అంకెలు మెల్లగా లెక్కపెట్టేదాకా రుద్దాలి. మూడేళ్లలోపు పిల్లల బ్రష్‌కు బియ్యపు గింజంత పేస్టు, ఆ తర్వాత బఠాణీ గింజంత చాలు. ఆరేడేళ్లు వచ్చేదాకా పళ్లు తోమేటప్పుడు పెద్దవాళ్లు చెయ్యి వెయ్యాల్సిందే.

ఈ వయసులో ప్రమాదాల గురించి చెప్పినా అర్థం కాదు. ఆ వస్తువులనే అందకుండా తీసెయ్యాలి. నీళ్లున్న బకెట్ బోర్లించండి. కిరోసిన్, ఫినాయిల్, పురుగుమందు కూల్‌డ్రింకు సీసాల్లో పొయ్యకండి.

2. నాలుగు నుంచి ఆరేళ్లు

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన వయసు ఇదే. ముందుగా తన పేరు, అమ్మానాన్నల పేర్లు, ఊరు, ఒక ఫోన్ నంబరు పాటలా నేర్పండి. తెలుగులోనూ ఒడియాలోనూ చెప్పగలగాలి. రథయాత్రలోనో జాతరలోనో తప్పిపోతే ఎదురుగా ఉన్న పోలీసుకు ఏ భాష వస్తుందో మనకు తెలియదు కదా.

తర్వాత ఒంటి గురించి. స్నానం చేయించేటప్పుడే చెప్పండి: "చడ్డీ కప్పే చోట ఎవరూ ముట్టుకోకూడదు, చూడకూడదు. శుభ్రం చేసేటప్పుడు అమ్మ, నొప్పి వచ్చినప్పుడు అమ్మ ఎదురుగా డాక్టరు, అంతే." ఎవరైనా ముట్టుకుంటే మూడు పనులు చెయ్యాలి: గట్టిగా "వద్దు" అనడం, అక్కణ్ణుంచి వచ్చెయ్యడం, ఇంట్లో చెప్పడం. అప్పుడప్పుడు అడిగి చెప్పించండి. "ఎవరికీ చెప్పకు" అన్న మాట ఎవరైనా అంటే అదే ముందు చెప్పాలని నేర్పండి. ఇలాంటి పనులు చేసేవాళ్లు ఎక్కువగా తెలిసినవాళ్లే అయి ఉంటారు. అందుకే "మావయ్యకి ముద్దు పెట్టు" అని బలవంతం చెయ్యకండి. ఇష్టం లేకపోతే నమస్కారం చాలు.

బిడ్డ వచ్చి ఏదైనా చెబితే తిట్టకండి, "నిజమేనా?" అని పదిసార్లు అడగకండి. "చెప్పి మంచి పని చేశావు, నీ తప్పేం లేదు" అనండి. సాయం కోసం పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చెయ్యొచ్చు.

3. ఏడు నుంచి పదేళ్లు

ఇప్పుడు కారణం చెబితే వింటారు. మనది మలేరియా ఉన్న ప్రాంతం. పడుకునే ముందు దోమతెర అంచులు పరుపు కింద దోపే పని వాళ్లకే అప్పగించండి. జ్వరం వస్తే ఆశా కార్యకర్త దగ్గరో ఆసుపత్రిలోనో ఆ రోజే రక్తపరీక్ష చేయించాలని వాళ్లకూ తెలియాలి.

రాత్రి బయటికి వెళ్తే చెప్పులు, టార్చి ఉండాలి. పుట్టల్లో, కట్టెల మోపుల్లో చెయ్యి పెట్టకూడదు. పాము కరిస్తే భయపడి దాచకుండా వెంటనే చెప్పాలి. గట్టిగా కట్టు కట్టడం, కోయడం, మంత్రం వేయించడం వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లండి. విషానికి విరుగుడు మందు అక్కడే ఉంటుంది.

వానాకాలంలో మహేంద్రతనయ, వంశధార నదుల ఒడ్డుకు పెద్దవాళ్లు లేకుండా వెళ్లకూడదు. బండి మీద నాలుగేళ్లు దాటిన ప్రతి బిడ్డకూ హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి. పర్లాకిమిడి నుంచి పక్కనున్న పాతపట్నం దాకే కదా అని హెల్మెట్ మానకండి.

4. పదకొండేళ్లు దాటాక

బడిలో వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్ర అన్నం తిన్నాక వేసుకోవాలి, టీతో కాదు. ఆ మాత్ర వల్ల మలం నల్లగా వస్తే టెన్షన్ పడక్కర్లేదని ముందే చెప్పండి. నెలసరి గురించి ఆడపిల్లకు అది మొదలవకముందే చెప్పాలి, మగపిల్లలకూ తెలియనివ్వాలి.

ఇంకొకటి. ఖైనీ, గుట్కా తెమ్మని పిల్లల్ని కొట్టుకు పంపకండి. తాతయ్య అడిగినా సరే.