స్పెయిన్‌లో ఏ పనికి ఏ ఆఫీసు? ముందు పిన్‌కోడ్ చూడండి

స్పెయిన్‌కి కొత్తగా వచ్చిన మనవాళ్లు "అక్కా, ఈ పనికి ఎక్కడికెళ్లాలి?" అని ఫోన్ చేస్తే, నేను ముందు వాళ్ల పిన్‌కోడ్ అడుగుతాను.

ఐదంకెల్లో మొదటి రెండు ప్రావిన్స్ నంబరు. పేర్ల అక్షరక్రమంలో ఇచ్చారు: 01 ఆలవా, 08 బార్సిలోనా, 28 మాడ్రిడ్, అలా 50 జరగోజా దాకా. ఆఫ్రికా తీరంలోని సెయుటా, మెలిల్లా నగరాలు ఏ ప్రావిన్స్‌లోనూ చేరవు, వాటికి 51, 52.

ప్రావిన్స్ అంటే మన జిల్లాలాంటిది. 1833లో గీసిన హద్దులే చాలావరకు ఇప్పటికీ ఉన్నాయి. వాటిపైన 17 స్వయంపాలిత ప్రాంతాలు, 1978 రాజ్యాంగంతో వచ్చినవి. ప్రతిదానికీ సొంత అసెంబ్లీ, సొంత ప్రభుత్వం. కాస్టిల్లా ఇ లియోన్‌లో తొమ్మిది ప్రావిన్సులుంటే, మాడ్రిడ్, ముర్సియా లాంటి ఏడు ప్రాంతాల్లో ఒక్కొక్కటే. అక్కడుంటే ప్రావిన్స్, ప్రాంతం ఒకటే కాబట్టి టెన్షన్ లేదు.

మ్యాప్ చూసి మాత్రం ఊహించుకోకండి. ట్రెవిన్యో అనే ఊరి చుట్టూ ఉన్నదంతా బాస్క్ ప్రాంతంలోని ఆలవాయే, విటోరియా నగరం పక్కనే. అయినా దాని పిన్‌కోడ్ 09తో మొదలవుతుంది. అంటే బుర్గోస్ ప్రావిన్స్, కాస్టిల్లా ఇ లియోన్ ప్రభుత్వం. మమ్మల్ని ఆలవాలో కలపండని అక్కడివాళ్లు ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు.

ఇక పనులు. ఇల్లు దొరకగానే మునిసిపాలిటీలో అడ్రస్ నమోదు చేయించుకోండి, మిగతా పనులకు ఆ కాగితమే అడుగుతారు. రెసిడెన్స్ కార్డు కేంద్రం ఇస్తుంది, కానీ అపాయింట్‌మెంట్ సైట్ మొదట అడిగేది ప్రావిన్స్. పక్క ప్రావిన్స్‌లో స్లాట్ ఖాళీగా ఉంది కదా అని బుక్ చేయకండి, తిప్పి పంపేస్తారు.

హెల్త్ కార్డు, స్కూల్ అడ్మిషన్లు ప్రాంత ప్రభుత్వం చేతిలో ఉంటాయి. ఉద్యోగం మాడ్రిడ్ నుంచి బార్సిలోనాకి మారిందంటే కొత్త హెల్త్ కార్డు తీసుకోవాలి, పిల్లలకు స్కూల్లో కాటలాన్ భాష మొదలవుతుంది, రోడ్డు మీద ఆపే పోలీసులు కూడా ఎక్కువగా అక్కడి కాటలోనియా ప్రాంత ప్రభుత్వం వాళ్లే.

అన్నిటికన్నా వింత ఇన్‌కమ్ ట్యాక్స్. దేశమంతా దాదాపుగా కేంద్ర ట్యాక్స్ ఆఫీసుకే కడతారు. నవార్రా ప్రాంతం మాత్రం తన పన్ను తనే వసూలు చేసుకుంటుంది. బాస్క్‌లోనైతే ఆ పని ప్రాంత ప్రభుత్వానిది కూడా కాదు, ఏ ప్రావిన్స్‌కి ఆ ప్రావిన్సే రూల్స్ రాసుకుంటుంది. బాస్క్‌లోని బిల్బావోలో ఉద్యోగం వస్తే, మాడ్రిడ్ ఫ్రెండ్ చెప్పిన లెక్క పట్టుకోకండి. అక్కడి ఆడిటర్‌నే అడగండి.