మతిమరుపు ఉన్న ఇంట్లో నవ్వు – అయిదవ పాఠం: మాట వారిది, అందింపు మాత్రమే మనది

ఈ వారం నేరుగా నవ్వు గురించి మొదలుపెట్టాలని అనుకున్నాను. కాని నాలుగవ పాఠాన్ని శ్రద్ధగా చదివి, అంతకంటే శ్రద్ధగా ఆచరించిన పలువురు ఇబ్బందుల్లో పడ్డారు. అందులో సగం తప్పు నాదే కనుక ముందు ఆ లెక్క తేల్చుకోవడం న్యాయం. డిమెన్షియా, అనగా ఈ మతిమరుపు జబ్బు, అంటే ఏమిటో, వీధి తలుపు గడియ ఎక్కడ బిగించాలో, జేబులో ఫోన్ నంబరు చీటీ ఎందుకు ఉండాలో మొదటి రెండు పాఠాల్లో వచ్చింది. వాటిని మళ్లీ చెప్పను.

"కాదనకండి" అన్నది నాలుగవ పాఠం సూత్రం. మతి తప్పిన పెద్దవారు ఏదైనా పొరపాటుగా అంటే సరిదిద్దవద్దని చెప్పి, మా పెద్దమ్మ నన్ను కరెంటు పనివాడు అనుకున్న సంగతిని ఉదాహరణగా రాశాను. ఉదాహరణ నవ్వు పుట్టించేదిగా ఉండడంతో సూత్రం పక్కకు పోయి ఉదాహరణే మిగిలింది. అడిగిన ప్రతిదానికీ ఒక కట్టుకథ అల్లాలని చాలామంది అర్థం చేసుకున్నారు.

ఒక అమ్మాయి తల్లిగారు "మీ నాన్నగారు ఎప్పుడొస్తారే?" అని అడిగారు. ఆయన పోయి పన్నెండేళ్లయింది. కాదనకూడదు కదా అని ఆ అమ్మాయి "ఆరింటికి ఆఫీసు నుంచి వచ్చేస్తారమ్మా" అన్నది. అన్నీ మరిచిపోయే ఆ తల్లి ఆరు గంటలన్న మాటను మాత్రం మరిచిపోకుండా, రాత్రి తొమ్మిదిన్నర దాకా గేటు పట్టుకుని నిలబడి, అన్నం ముట్టలేదు. ఇంకొక ఇంట్లో తాతగారు టీవీలో వార్తలు చదివే అమ్మాయికి కాఫీ ఇవ్వమని కోడలిని పురమాయిస్తుంటే, మనవలు దాన్ని సెల్‌ఫోనులో తీసి కుటుంబమంతా ఉండే వాట్సాప్ గుంపులో పెట్టారు. ఆ వీడియో చూసి అందరూ నవ్వుతుండగా తాతగారు కూడా తెరవైపు చూశారు. తాను చేసిందేమిటో ఆయనకు గుర్తులేదు గాని, ఆ నవ్వు ఎవరి మీదో అర్థమైంది. మూడు రోజులపాటు ఆయన హాల్లోకి వచ్చి కూర్చోలేదు.

కాదనకపోవడం వేరు, అబద్ధమాడడం వేరు. ఆ రెంటికీ నడుమ మూడో దారి ఒకటి ఉంది: అడిగిన విషయాన్ని అక్కడే ఉంచి, దాని అడుగున ఉన్న మనసును పట్టుకోవడం. "నాన్నగారు ఎప్పుడొస్తారు?" అన్నప్పుడు "నాన్నగారికి సాయంత్రం ఫలహారం ఏం చేసి పెట్టేదానివమ్మా?" అని అడిగితే, అందులో అబద్ధమూ లేదు, చావు కబురూ లేదు. ఆవిడ పెసరట్టు గురించి మొదలుపెట్టి, పిండి ఎంత పలుచగా ఉండాలో మనకే నేర్పుతుంది. నా షరతు ఒకటే: ఏ పరిస్థితిలోనూ గడియారం మాట ఎత్తవద్దు, ఎవరో వస్తారని హామీ ఇవ్వవద్దు. "ఇంటికి పోతాను" అని పట్టుబట్టిన పెద్దవారిని ఆటోలో నాలుగు వీధులు తిప్పి తీసుకురావడం కొందరికి పనిచేస్తుందంటారు. మా ఇంట్లో అది రెండుసార్లు పనిచేసింది. మూడోసారి పెద్దమ్మ మా గుమ్మం చూసి "ఈ ఇల్లు వద్దు, వేరేది చూపించు" అని ఆటో అబ్బాయితో అన్నది. అప్పటినుంచి మానేశాను.

ఇక నాకు నిజంగా ఒళ్లు మండే సంగతికి వస్తాను. గడప దాటి లోపలికి వచ్చిన ప్రతి చుట్టమూ చెప్పులైనా సరిగా విడవకముందే "నన్ను గుర్తుపట్టారా? నేనెవరో చెప్పండి చూద్దాం!" అని అడుగుతారు. అది ప్రేమతో అడిగే మాట అనే వారనుకుంటారు. ఆ మంచం మీద ఉన్న మనిషికి మాత్రం అది చదవని పాఠంలోంచి నలుగురి ముందు వేసిన ప్రశ్న. వచ్చినవాడు తనవాడేనని ఆవిడకు తెలుస్తూనే ఉంటుంది. గొంతు తెలుసు, నడక తెలుసు, ఆ ముఖం చూస్తే మనసు కుదుటపడుతుందని తెలుసు. పేరు ఒక్కటే చేతికి అందదు. మనకు కూడా పెళ్లిళ్లలో అలా జరుగుతుంది గాని, మనం ఆ మాటా ఈ మాటా చెప్పి తప్పించుకోగలం. ఆవిడకు ఆ వెసులుబాటు లేకుండా దారికి అడ్డంగా నిలబడి, పైగా "అయ్యో, గుర్తుపట్టలేదే పాపం!" అని ఆవిడ ఎదుటే మా వైపు తిరిగి అంటారు.

ఇదే పరీక్ష ఇంట్లోవాళ్ల నోట మారువేషాల్లో వస్తుంటుంది, జాగ్రత్త. "పొద్దున ఏం తిన్నావు?" అన్నది పరీక్షే. "ఇవాళ ఏ వారం?" అన్నది పరీక్షే. ఆల్బమ్ తెరిచి "ఈవిడ ఎవరు?" అని వేలు పెట్టడం పరీక్షే. "ఇందాకే చెప్పాను కదా" అన్నది పరీక్ష తప్పినందుకు వేసే శిక్ష. డాక్టరుగారు తేదీ, ఊరు, వస్తువుల పేర్లు అడుగుతారు నిజమే. ఆయన జబ్బు ఎక్కడిదాకా వచ్చిందో కొలవడానికి, ఎన్నో నెలలకొకసారి అడుగుతారు. మనం రోజుకు పదిసార్లు కొలవడం వల్ల బయటపడేది ఏమీ లేదు.

దీనికి విరుగుడు సులభం. జవాబును మనమే ముందుగా చేతిలో పెట్టాలి. "పెద్దమ్మా, నేను నీ చెల్లెలి కొడుకుని, చిన్నవాడిని, కొవ్వూరు నుంచి వచ్చాను" అని చెబుతూ ఎదురుగా, కంటికి కన్ను కలిసే ఎత్తులో కూర్చోవాలి. ఆల్బమ్ తెరిస్తే "ఇది మీ అక్క పెళ్లి. ఎంత పెద్ద జడో చూడు!" అనాలి. మా గుమ్మం పక్కన నేను ఒక కాగితం అంటించాను: "లోపలికి వచ్చువారు తమ పేరు, వరస తామే ముందుగా చెప్పవలెను." దాన్ని చూసి దగ్గర చుట్టం ఒకాయన చిన్నబుచ్చుకుని ఆ ఏడాది సంక్రాంతికి రాలేదు. పండగ ప్రశాంతంగా జరిగింది.

పరీక్షలు ఆగిపోయిన తరువాతనే ఇంట్లోకి నవ్వు వస్తుంది. పోయిన పాఠంలో నేను దాచిన భాగం ఇప్పుడు చెబుతాను. పెద్దమ్మ నన్ను చూసి "ఫ్యాను బాగుచేయడానికి వచ్చావా బాబూ?" అన్నప్పుడు నేను కథ ఏమీ అల్లలేదు. ఫ్యాను వైపు చూసి, "చప్పుడు చేస్తోందా అమ్మగారూ?" అన్నాను. తక్కిన కథంతా ఆవిడే నడిపింది.

"చప్పుడు చేస్తే చేసింది గాని, నీకు జీతం ఎంతిస్తున్నారు?"

"ఏమీ ఇవ్వడం లేదండీ."

"ఎన్నేళ్లయింది చేరి?"

"ఆరేళ్లు."

ఆవిడ కొంచెంసేపు నన్ను ఎగాదిగా చూసి, గొంతు తగ్గించి, "ఎవడో తెలివైనవాడే దొరికాడు నీకు. మానేసి మా ఇంటికి రా. డబ్బు సంగతి చెప్పలేను గాని కడుపునిండా అన్నం పెడతాను" అన్నది. నా ఎనిమిదో ఏట మా అమ్మ పోయినప్పుడు నన్ను తీసుకువచ్చి అన్నం పెట్టింది ఈవిడే. ఆ పూట ఇద్దరం నవ్వుకున్నాం. ఆవిడ తన చమత్కారానికి నవ్వింది, నేను దేనికి నవ్వానో వివరించనవసరం లేదు. మీరు గమనించవలసిందల్లా ఇక్కడ చమత్కారం ఎవరిదన్నది. నేను బంతి అందించాను, కొట్టింది ఆవిడ. ముందు ఆవిడ నవ్వితే మనం నవ్వవచ్చు. ముందు మనం నవ్వితే అది వాట్సాప్ వీడియో అవుతుంది.

ఈ పద్ధతిని నేర్చుకోవడానికి నా దగ్గరున్న దగ్గరి దారి సామెతలు. చిన్నప్పటి నుంచి వేలసార్లు నోట నానిన మాటలు, పాటలు, ప్రార్థనలు నిన్నటి సంగతుల కంటే చాలాకాలం నిలిచి ఉంటాయి. సగం సామెత మనం అని ఆగితే, తక్కిన సగం చాలామంది నోట దానంతట అదే వస్తుంది. "ఇంట గెలిచి" అంటే "రచ్చ గెలవాలి" అంటుంది పెద్దమ్మ. "పిట్ట కొంచెం" అంటే "కూత ఘనం" అంటుంది. ఒకనాడు భోజనం ఆలస్యమైంది. కాలక్షేపానికి నేను "అడగందే అమ్మయినా" అని ఆగాను. ఆవిడ వంటింటి వైపు చూసి, "అడిగినా పెట్టడం లేదు ఈ ఇంట్లో" అన్నది. సామెత మరిచిపోయిందని నేను అనుకోను. దాన్ని విరిచి మా మీదికే విసిరింది. నా భార్య గరిటెతో సహా బయటికి వచ్చి నవ్వింది. సామెత పూర్తి కాకపోతే మాత్రం మీరు దిద్దవద్దు. రెండు క్షణాలు ఆగి, మీరే పూర్తిచేసి, "నువ్వు నేర్పిందేగా" అనండి. దిద్దితే అది కూడా పరీక్ష అయిపోతుంది.

చేతికి పని ఉంటే మాట ఇంకా తేలికగా వస్తుంది. పూలు కట్టడం, వేరుసెనగ కాయలు ఒలవడం అందరూ చెబుతారు. నేను చింతపండు పిక్కలు తీయించడానికే ఓటు వేస్తాను, ఎందుకంటే అందులో తప్పు చేయడానికి ఏమీ లేదు, నాలుగు పిక్కలు ఉండిపోయినా పులుసు పాడవదు. క్యారమ్స్ వంటి ఆటలు నాకు నచ్చవు. ఓడిపోయినవారి ముఖం చూడవలసి వస్తుంది.

నవ్వుకు హద్దులున్నాయి. "నా గొలుసు నువ్వే తీశావు" అని ఏడుస్తున్న మనిషి దగ్గర హాస్యమాడకూడదు. "గొలుసు కనబడకపోతే భయంగానే ఉంటుంది, పద వెదుకుదాం" అని బియ్యం డబ్బా, దిండు గలీబు, పూజ గూడు వరసగా చూడాలి; మా ఇంట్లో తొంభై పాళ్లు బియ్యం డబ్బాలోనే దొరుకుతుంది. ఫ్రంటోటెంపోరల్ అనే రకం డిమెన్షియాలో హాస్యం గ్రహించే తీరే మారిపోయి, ఎదుటివారి కష్టం చూసి కూడా నవ్వు రావచ్చు. అది పొగరు కాదు, జబ్బు. ఇక నిన్నటిదాకా ఒక తీరులో ఉన్న మనిషి ఒకటి రెండు రోజుల్లోనే బాగా తికమకపడడం, మగతగా ఉండడం కనిపిస్తే దాన్ని "ముదిరింది" అని సరిపెట్టుకోకుండా వెంటనే డాక్టరుకు చూపించాలి. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, ఒంట్లో నీరు తగ్గడం, కొత్త మందు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు, వైద్యంతో తగ్గనూవచ్చు.

నవ్వు మందు అని నేను అనడం లేదు. సిడ్నీలోని 35 వృద్ధాశ్రమాల్లో సుమారు 400 మందితో చేసిన ఒక పరిశోధన 2013లో వెలువడింది. కొన్ని ఆశ్రమాలకు శిక్షణ పొందిన విదూషకులను వారం వారం పంపి చూశారు. వృద్ధుల దిగులులో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు గాని, చికాకు, అలజడి తగ్గాయి. సాయంత్రం నాలుగు దాటాక ఇల్లంతా తిరుగుతూ తలుపులు లాగే మనిషి ఉన్నవారికి అలజడి తగ్గడమంటే ఏమిటో తెలుసు.

ఆశ గురించి అడిగినవారికి నా జవాబు కొంత కటువుగా ఉంటుంది. డొనెపెజిల్ వంటి మందులు కొందరికి కొంతకాలం లక్షణాలను తేలికపరుస్తాయి, జబ్బును ఆపవు. నయమవుతుందన్న ఆశను నేను మీకు అమ్మలేను. నాకు దొరికిన ఆశ ఇంకొక చోట ఉంది. అది నా తప్పులోంచే దొరికింది. రెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, ఒకే ప్రశ్న ఇరవయ్యోసారి విన్నాక, నేను పెద్దమ్మ మీద గట్టిగా అరిచాను. పావుగంటలో ఆవిడ అంతా మరిచిపోయింది. కాని దీపాలు పెట్టేదాకా పైట కొంగును మడత పెడుతూ, విప్పుతూ, మళ్లీ మడత పెడుతూ, "నేనేదో తప్పు చేశాను, ఏమిటో తెలియడం లేదు" అంటూనే ఉన్నది. తరువాత తెలిసింది, అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం వారు 2014లో ఇదే విషయాన్ని కొలిచారని. డిమెన్షియాలో ఒక రకమైన అల్జీమర్స్ జబ్బు ఉన్నవారికి కొంతసేపు విషాద దృశ్యాలు, మరోసారి సంతోష దృశ్యాలు చూపించారు. కాసేపట్లో వారు చూసిన దృశ్యాలను దాదాపుగా మరిచిపోయారు. దుఃఖం, సంతోషం మాత్రం మిగిలాయి. దృశ్యాలను ఎంత తక్కువగా గుర్తుంచుకున్నవారికి దుఃఖం అంత ఎక్కువసేపు నిలిచింది. పెద్దమ్మ కొంగు నాకు అదే చెప్పింది. దాన్ని తిరగేసి చూస్తే, ఆవిడకు గుర్తుండదని తెలిసి కూడా సామెతలతో గడిపిన పావుగంట వృథా కాదు. సంగతి పోయినా, దాని చలువ కాసేపు ఉంటుంది. అందువల్ల నేను నెలలకు ఆశపడడం మాని, పావుగంటలకు ఆశపడుతున్నాను.

అరిచేదాకా వచ్చినవారు ముందు ఇంకొకరి చేతికి బాధ్యత అప్పగించి, ఒక గంట బయటికి వెళ్లండి. అన్నదమ్ములతో "ఎప్పుడైనా వచ్చి చూడు" అంటే ఎవరూ రారు. "ఆదివారం మూడు నుంచి ఆరు దాకా నువ్వుండాలి" అంటే వస్తారు. ఎవరూ లేనివారు వృద్ధుల కోసం ఉన్న ఉచిత జాతీయ సహాయ నంబరు 14567కు ఫోన్ చేసి, తమ జిల్లాలో ఏ ఆసరా దొరుకుతుందో అడగవచ్చు.

అభ్యాసం. ఏడు రోజులు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా, మీరు పెద్దవారిని ఒక్క ప్రశ్న కూడా జ్ఞాపకం మీద అడగకూడదు. అడిగిన ప్రతిసారీ చిన్న నోటుపుస్తకంలో ఒక అడ్డగీత గీయండి. ఎవరైనా నవ్విన ప్రతిసారీ ఎవరు ముందు నవ్వారో ఒక అక్షరంతో రాయండి. మొదటి రోజు నా పుస్తకంలో ముప్ఫై ఒక్క గీతలు వచ్చాయి కనుక సిగ్గుపడవద్దు. పది సామెతలు కూడా రాసి పెట్టుకోండి, ఆ సంగతి ముందే చెప్పి ఉండవలసింది. వచ్చే పాఠం స్నానం గురించి. దానికి నీళ్లు కాచే ముందు ఈ నోటుపుస్తకం మీ దగ్గర ఉండాలి.