విదేశంలో ఉండగా చేతికి నగదు తెప్పించుకోవడం: మనీ ట్రాన్స్‌ఫర్ దరఖాస్తు విధానం

పర్సు పోయింది. కార్డు బ్లాక్ చేయించారు. కొత్త కార్డు పోస్టులో రావడానికి వారం పడుతుంది. చేతిలో మిగిలింది పాస్‌పోర్టు, ఫోను. అప్పుడు ఆదుకునేది వెస్టర్న్ యూనియన్, మనీగ్రామ్ లాంటి సర్వీసుల్లో ఉండే 'క్యాష్ పికప్'. పంపేవాళ్లు ఆన్‌లైన్‌లో కడతారు, మీరున్న ఊళ్లో కౌంటర్‌కి వెళ్లి నోట్లు తీసుకుంటారు. మీకు అక్కడ బ్యాంకు ఖాతా లేకపోయినా ఫర్వాలేదు.

టెన్షన్‌లో చాలామంది ముందు ఇంటికే ఫోన్ చేసి "నాన్నా, వెస్టర్న్ యూనియన్‌లో వేయండి" అంటారు. ఆయన ఊళ్లో ఆ బోర్డు ఉన్న షాపుకెళ్తే కుదరదంటారు. షాపువాడిని తిట్టుకోవద్దు. విదేశాల నుంచి వచ్చే డబ్బు కోసం రిజర్వ్ బ్యాంకు పెట్టిన ఎంటీఎస్ఎస్ పథకం కింద ఆ షాపు బయటి నుంచి వచ్చిన డబ్బు ఇవ్వగలదు గానీ, ఇండియా నుంచి పంపలేదు. ఇంటి నుంచి రావాలంటే ఎల్‌ఆర్‌ఎస్ దారి ఉంది, అంటే ఇండియాలో ఉన్నవాళ్లు బయటికి డబ్బు పంపడానికి రిజర్వ్ బ్యాంకు పెట్టిన పథకం. నాన్నగారు పాన్ నంబరుతో, విదేశానికి డబ్బు పంపే దరఖాస్తు ఫారం ఏ2 నింపి, బ్యాంకు ద్వారా మీ విదేశీ ఖాతాకి పంపాలి. ఒక్కొక్కరికి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల వరకు అనుమతి ఉంది. కాలేజీ ఫీజులకి అది మంచి దారే. ఈ సాయంత్రం అన్నానికి మాత్రం అందదు.

కాబట్టి ఇండియా బయట ఉన్న మనిషి కావాలి. అమెరికాలో అక్క, దుబాయ్‌లో స్నేహితుడు, ఎవరైనా సరే. వాళ్లు సర్వీసు యాప్‌లో ఖాతా తెరిచి, తమ గుర్తింపు కార్డు చూపి వెరిఫై చేయించుకోవాలి. మొదటిసారి అయితే ఇక్కడే ఆలస్యమవుతుంది, అందుకే అవసరం రాకముందే ఒకరితో ఖాతా తెరిపించి ఉంచమంటాను. ఆ తర్వాత మీరున్న దేశం, 'క్యాష్ పికప్', మొత్తం, మీ పేరు నింపి డబ్బు కడతారు. డెబిట్ కార్డుతో కడితే మామూలుగా నిమిషాల్లో వస్తుంది, బ్యాంకు ఖాతా నుంచి అయితే రోజులు పట్టొచ్చు. క్రెడిట్ కార్డు వాడితే కార్డు కంపెనీ దాన్ని క్యాష్ అడ్వాన్స్‌గా, అంటే కార్డు మీద నగదు అప్పు తీసుకున్నట్టు లెక్కేసి వేరే చార్జీ వేయొచ్చు. అమెరికా నుంచి నోట్లు కట్టి పంపితే 2026 జనవరి 1 నుంచి 1 శాతం పన్ను పడుతోంది, అక్కడి డెబిట్ కార్డుతో కడితే పడదు. ఇంకోటి, ఫీజు సున్నా అని చూసి మురిసిపోవద్దు. మారకం రేటులో ఎంత కోశారో చూడమనండి.

ఇక పేరు. మనవాళ్లకి పని చెడేది ఎక్కువగా ఇక్కడే. ఇంటిపేరు ముందు రాస్తాం, కొన్నిచోట్ల ఒక్క అక్షరంతో సరిపెడతాం, పిలుపు పేరు ఇంకోటి. కౌంటర్‌లో వాళ్లకి ఇవేవీ తెలియవు. పాస్‌పోర్టులో ఉన్నదే పేరు. నా పాస్‌పోర్టులో వెంకట సాయి కిరణ్ అని ఉంటే, జర్మనీలో ఉన్న నాకు కాలిఫోర్నియా నుంచి మా బావ కిరణ్ అని కొట్టి పంపాడు. కౌంటర్‌లో ఆవిడ 'వెంకట సాయి' మీద పెన్ను మొన ఆనించి, తల అడ్డంగా ఊపి, పాస్‌పోర్టుని అద్దం కింద నుంచి వెనక్కి జరిపేసింది. ఇక్కడ పగలు పదకొండు, అక్కడ అర్ధరాత్రి దాటి రెండు. బావని నిద్రలేపి యాప్‌లో పేరు సరిచేయించేదాకా ఆ కౌంటర్ పక్కనే నిలబడ్డాను. అప్పటి నుంచి ఎవరు పంపుతానన్నా ముందు పాస్‌పోర్టు పేజీ ఫొటో పంపి, "ఇందులో ఉన్నట్టే అక్షరం అక్షరం కొట్టు" అంటాను.

డబ్బు కట్టాక పంపినవాళ్లకి ఒక నంబరు వస్తుంది. వెస్టర్న్ యూనియన్‌లో దాన్ని ఎంటీసీఎన్ అంటారు, 10 అంకెలు. మనీగ్రామ్‌ది 8 అంకెల రిఫరెన్స్ నంబరు. అది, అసలు పాస్‌పోర్టు పట్టుకుని వెళ్లండి. ఫోన్‌లో ఫొటో చెల్లదు. పంపినవారి పూర్తి పేరు, ఎక్కడి నుంచి, ఎంత వస్తోంది అని అడుగుతారు, అవి చెప్పి ఫారం మీద సంతకం పెట్టాలి. కౌంటర్లు ఎక్కువగా సూపర్ మార్కెట్లలో, చిన్న షాపుల్లో ఉంటాయి. పెద్ద మొత్తమైతే వాళ్ల గల్లాలో అంత ఉండకపోవచ్చు, ముందే ఫోన్ చేసి కనుక్కోండి. పాస్‌పోర్టు కూడా పోతే అక్కడి రెసిడెన్స్ కార్డు ఒప్పుకుంటారేమో అడగాలి. అదీ లేకపోతే పోలీసు రిపోర్టు తీసుకుని మన ఎంబసీకి వెళ్లడమే.

ఆ నంబరు మీకు, పంపినవారికి తప్ప ఎవరికీ తెలియకూడదు. "ఇల్లు అద్దెకిస్తాం, అడ్వాన్స్ ఇలా పంపి రసీదు ఫొటో పెట్టండి" అనేవాళ్లు యూరప్ నగరాల్లో కొత్త విద్యార్థుల కోసమే కాచుకుని ఉంటారు. ఆ రసీదు మీదే నంబరు ఉంటుంది. ఒకసారి నోట్లు ఎవరో తీసుకున్నాక వెనక్కి రావడం దాదాపు అసాధ్యం. ఎవరూ తీసుకోకముందైతే పంపినవాళ్లు రద్దు చేసుకోవచ్చు. అమెరికా నుంచి పంపినప్పుడు, కట్టిన 30 నిమిషాల లోపు రద్దు చేస్తే ఫీజుతో సహా తిరిగి ఇవ్వాలని అక్కడి నిబంధన.